శాతం లెక్క బడిలోనే ఆగిపోతోంది

సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్న తాత, ఏడో తరగతి చదివే మనవరాలిని పిలిచి ఇలా అడిగాడనుకుందాం. "ఏమ్మా, సొసైటీలో నూటికి ఏడు అంటున్నారు. షావుకారు నూటికి రెండే అంటున్నాడు. లక్ష రూపాయలు ఎక్కడ తెస్తే మంచిదో చెప్పు చూద్దాం."

పిల్ల నోటు పుస్తకం తెస్తుంది. బారువడ్డీ సూత్రం రాస్తుంది. అసలును కాలంతో, రేటుతో హెచ్చవేసి వందతో భాగిస్తుంది. సొసైటీకి ఏడాదికి రూ.7,000, షావుకారుకు రూ.2,000 వస్తుంది. "షావుకారు దగ్గరే తాతయ్యా. అయిదు వేలు మిగులుతాయి" అంటుంది.

తాత నవ్వుతాడు. "పిచ్చితల్లీ, ఆ రెండు నెలకే. ఏడాదికి ఇరవై నాలుగు వేలు" అంటాడు. ఆయన బడికి వెళ్లిన వాడు కాదు. సూత్రం తెలియదు. కానీ షావుకారు 'నూటికి' అన్నప్పుడు దాని వెనుక 'నెలకు' అన్న మాట ఉంటుందని ఆయనకు తెలుసు. బళ్లో మాత్రం ఆ పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. బడి పుస్తకంలో రేటు అంటే ఏడాదికే.

ఈ తేడా చిన్నది కాదు. 2025-26 వరకు కేంద్రం కొనసాగించిన వడ్డీ రాయితీ పథకం ప్రకారం మూడు లక్షల లోపు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ ఏడు శాతం. గడువులోగా కట్టిన రైతుకు అందులో మూడు శాతం రాయితీ పోను నాలుగే పడుతుంది. లక్షకు ఏడాదికి నాలుగు వేలు. షావుకారుకు కట్టేది ఇరవై నాలుగు వేలు. మధ్యలో ఇరవై వేలు. పిల్ల హెచ్చవేతలో తప్పు చేయలేదు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడేవి. చిక్కల్లా ఏమిటంటే, నూటికి రెండు అన్న మాటను తన చేతిలోని డబ్బుగా చూడడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. సూత్రంలో పెట్టవలసిన అంకెగా మాత్రమే నేర్పారు.

నూటికి నెలకు ఇంత అనే ఈ లెక్క మొరటుది కాదు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో కూడా వడ్డీ లెక్క ఇలాగే ఉంది. నెలకు నూటికి అయిదు వడ్డీ అయితే పదహారుకు ఏడాదికి ఎంత అని అందులో ఒక ప్రశ్న. దాన్ని పంచరాశికం అన్నారు. బ్యాంకులు వచ్చాక లెక్క ఏడాదికి మారింది. ఊరి లెక్క మారలేదు. రెండూ ఇప్పుడు ఒకే ఊళ్లో, కొన్ని ఇళ్లలో ఒకే బీరువాలో, పక్కపక్కనే ఉన్నాయి. బడి చెప్పేది ఒకదాన్నే.

పావలా వడ్డీ మాట తీసుకుందాం. డ్వాక్రా సంఘాల మహిళలకు ఆ పేరు చెప్పనక్కరలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పథకం అది. నూటికి నెలకు పావలా. ఏడాదికి పన్నెండు పావలాలు, అంటే మూడు రూపాయలు. కనుక పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతం. అదే దారిలో రూపాయి వడ్డీ పన్నెండు శాతం, రెండు రూపాయల వడ్డీ ఇరవై నాలుగు శాతం. ఇంత వరకు సంఘం లీడరు నోటితో చెప్పేస్తుంది. అదే పావలాను దశాంశంలో రాసి లక్షను హెచ్చవేయమంటే బడిపిల్ల 0.25 రాసే ప్రమాదం ఉంది. లక్షకు నెలకు పాతిక వేలు వస్తుంది! పావలా అంటే రూపాయిలో 0.25 నిజమే. కానీ అది నూరు రూపాయల మీద పడే పావలా. ఒక్క రూపాయి మీద పడేది 0.0025. లక్షను దానితో హెచ్చవేస్తే నెలకు రూ.250. ఆ రెండు సున్నాలే సంఘాన్ని నిలబెట్టేవి, ముంచేవి.

ఇక్కడే బడిలో మార్పు రావాలి. శాతం అంటే దశాంశమే అని మొదటి రోజునే చెప్పాలి. ఇప్పుడు చాలాచోట్ల దశాంశాలు ఒక పాఠం, శాతాలు వేరొక పాఠం. మొదటి పాఠంలో చుక్క ఎక్కడ పెట్టాలో నేర్పి మూసేస్తారు. రెండో పాఠంలో చుక్క మాయమైపోతుంది. దాని బదులు 'బై వంద' వస్తుంది. ఆ తర్వాత లాభశాతానికి ఒక సూత్రం, నష్టశాతానికి ఒకటి, తగ్గింపుకు ఒకటి, వడ్డీకి ఒకటి. పిల్లవాడు ప్రశ్న చదివి ఆలోచించడు, ఇది ఏ సూత్రం కిందికి వస్తుందా అని వెతుకుతాడు. పరీక్ష అయిపోగానే సూత్రాలు పోతాయి. దశాంశం ఒక్కటి పట్టుబడితే అవన్నీ ఒకే లెక్క అవుతాయి. 17 శాతం అంటే 0.17. మొత్తాన్ని దానితో హెచ్చవేస్తే భాగం వస్తుంది. భాగాన్ని దానితో భాగిస్తే మొత్తం వస్తుంది. భాగాన్ని మొత్తంతో భాగిస్తే శాతం వస్తుంది. పదో తరగతి దాకా అడిగే శాతాల ప్రశ్నలలో చాలా భాగం ఈ మూడింటిలో తేలిపోతాయి.

దశాంశాలు పల్లె పిల్లలకు కష్టం అంటారు కొందరు ఉపాధ్యాయులు. నిజానికి పల్లె పిల్ల చుట్టూ ఉన్నవన్నీ నూటి కొలతలే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పటి నుంచి రూపాయికి నూరు పైసలు. అంతకుముందు పదహారు అణాలు. క్వింటాలుకు నూరు కిలోలు. మీటరుకు నూరు సెంటీమీటర్లు. కోస్తాలోనూ, సీమలోనూ ఎకరానికి నూరు సెంట్లు. కాటా చీటీ మీద 12.40 అని ఉంటే పన్నెండు క్వింటాళ్ల నలభై కిలోలు అని చదవడానికి ఎవరికీ మాస్టారు అక్కరలేదు. ఎకరా అరవై సెంట్ల కాగితం మీద 1.60 అని ఉంటే అర్థం కాని రైతు లేడు. క్వింటాలులో 17 శాతం ఎంత అంటే 17 కిలోలు, 0.17 క్వింటాలు. రూపాయిలో 17 శాతం 17 పైసలు, 0.17 రూపాయి. శాతం అంటే రూపాయిలో పైసా అని ఒక్క మాట చెబితే పాఠం సగం అయిపోయినట్లే. అయిదు శాతం అంటే రూపాయికి అయిదు పైసలు. ఎనిమిది వందల నలభై రూపాయలకు 840 అయిదు పైసలు, అంటే 42 రూపాయలు. సూత్రం ఎక్కడా రాలేదు.

అయితే చుక్క కనబడిన ప్రతిచోటా దశాంశం అనుకున్నా ప్రమాదమే. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడి పాసు పుస్తకంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎల్లలో ఉన్న ఊళ్లవారికి ఇది తెలియనిది కాదు. రెండు వైపులా పొలాలు ఉన్నవాడు 2.20 అంటే ఒకచోట రెండెకరాల ఇరవై సెంట్లు, మరొకచోట రెండున్నర ఎకరాలు అని చూసుకోవలసిందే. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, సరిగా నాలుగున్నర ఓవర్లు. మూడున్నర గంటలను 3.30 అని రాస్తాం. ఇవి చూపించి, వీటిలో చుక్క ఎందుకు దశాంశం కాదో పిల్లలనే చెప్పమనాలి. ఓవర్ల లెక్క చెప్పలేని మగపిల్లవాడు క్లాసులో ఉండడు. ఆడపిల్లలు కూడా ఈ రోజుల్లో బాగానే చెబుతున్నారు.

సున్నా సంగతి కొంచెం నిలిచి చూడవలసింది. అయిదు శాతాన్ని 0.5 అని రాయడం పిల్లలు తరచుగా చేసే పొరపాటు. 0.5 అంటే సగం, యాభై శాతం. అయిదు శాతం 0.05. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో ఒక అడ్డగీత గీసి అరమార్కు తగ్గించి ఊరుకుంటాడు. పొలంలో అరమార్కుతో పోదు. బెట్టకు వాడిన పైరు మీద రెండు శాతం యూరియా ద్రావణం పిచికారి చేయమని వ్యవసాయ శాఖ వారు చెప్పడం మామూలే. పదహారు లీటర్ల ట్యాంకుకు యూరియా ఎంత? 16ను 0.02తో హెచ్చవేస్తే 0.32. అంటే 320 గ్రాములు. పిల్లవాడు 0.2తో హెచ్చవేశాడా, 3.2 కిలోలు. మర్నాటికి ఆకు మాడిపోతుంది. బడిలో దీన్ని ఒక బక్కెట్ నీళ్లు, ఒక చిన్న తక్కెడ, కాస్త ఉప్పుతో చేసి చూపవచ్చు. పది లీటర్ల బక్కెట్‌లో రెండు శాతం ఉప్పు అంటే 200 గ్రాములు. ఇరవై శాతం అంటే రెండు కిలోలు. ఆ రెండు కుప్పలూ బల్ల మీద పక్కపక్కన పోసి చూపిస్తే, సున్నాకు విలువ లేదనే మాట ఆ పిల్లలు మళ్లీ అనరు.

ఇక పెరగడం, తగ్గడం. అయిదు శాతం పెరిగిందంటే పాతదానిలో అయిదు శాతం కట్టి మళ్లీ పాతదానికి కలపడం బడిలో అలవాటు. రెండు మెట్లు. ఒకే మెట్టులో చేయవచ్చు. రూపాయి ఉన్నది రూపాయి అయిదు పైసలు అయింది. అంతే, 1.05తో హెచ్చవేయాలి. ఇరవై శాతం తగ్గితే రూపాయి ఎనభై పైసలయింది, 0.80తో హెచ్చవేయాలి. ఇది కేవలం చేతిపని తగ్గించుకునే కిటుకు కాదు. దీనితో కొన్ని మోసాలు బయటపడతాయి. మిర్చి ధర క్వింటాలు రూ.15,000 ఉందనుకుందాం. ఇరవై శాతం పడిపోయింది. తర్వాత ఇరవై శాతం లేచింది. పడిందీ ఇరవయ్యే, లేచిందీ ఇరవయ్యే కనుక ధర మొదటికి వచ్చిందని పిల్లలూ అంటారు, పెద్దలూ అంటారు. 0.80ను 1.20తో హెచ్చవేస్తే 0.96. రూపాయికి నాలుగు పైసలు పోయాయి. క్వింటాలుకు రూ.14,400 వస్తుంది. లేచిన ఇరవై శాతం లెక్క తగ్గిపోయిన పన్నెండు వేల మీద పడింది కదా! శాతం వినబడగానే అది దేని మీద అని అడగడం ఇక్కడే అలవాటు కావాలి. పండుగ ముందు దుకాణంలో ధర పెంచి, పండుగకు తగ్గించి అమ్మే వ్యాపారికి ఈ లెక్క ఎప్పుడో తెలుసు.

అప్పుల్లో ఇది ఇంకా లోతుకు పోతుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు. గడువు దాటితే కోర్టులో చెల్లదు కనుక మూడేళ్లు కావస్తుంటే షావుకారు కొత్త నోటు రాయించుకుంటాడు. వడ్డీ కట్టలేని వారి దగ్గర వడ్డీని అసలులో కలిపి రాయిస్తాడు. రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చిన కుటుంబానికి మూడేళ్లకు వడ్డీ రూపాయికి డెబ్బై రెండు పైసలు. అంటే 1.72. కొత్త నోటు రూ.17,200కు. ఇంకో మూడేళ్లకు మళ్లీ 1.72. రెండు సార్లు హెచ్చవేస్తే 2.9584. ఆరేళ్లకు పదివేలు రూ.29,584 అయింది. నోటు తిరగరాయకుండా బారువడ్డీనే నడిస్తే రూ.24,400 అయ్యేది. అయిదు వేల నూట ఎనభై నాలుగు రూపాయలు కాగితం మార్చినందుకు పడిన ఖర్చు. అరుగు మీది తాతకు నెలవడ్డీ తెలుసు, ఏడాది వడ్డీ తెలుసు. ఈ 2.9584 మాత్రం ఆయన నోటిలెక్కకు అందదు. అందుకు మనవరాలి చదువు కావాలి. ఆమెకు దశాంశం చేతికి వస్తే రెండు నిమిషాల పని.

అన్నిటికన్నా కష్టమైనది వెనక్కి వెళ్లే లెక్క. భాగం తెలుసు, మొత్తం తెలియదు. బడిలో పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. ఊళ్లో డబ్బు పోయేదీ ఇక్కడే. విత్తనం సంగతి చూడండి. ధ్రువీకరించిన వరి విత్తనానికి మొలక కనీసం ఎనభై శాతం ఉండాలి. మొలిచే గింజలు ఇరవై కిలోలు కావాలంటే విత్తనం ఎంత కొనాలి? ఇరవై శాతం మొలవదు కనుక ఇరవై శాతం ఎక్కువ కొంటే సరి అనిపిస్తుంది. 24 కిలోలు వస్తుంది. 24లో ఎనభై శాతం 19.2 మాత్రమే. 20ని 0.80తో భాగిస్తే 25 కిలోలు. ఇరవై శాతం పోయేది కొన్న మొత్తంలోంచి, కావలసిన ఇరవై కిలోల్లోంచి కాదు.

ధాన్యం తేమకు కూడా ఇదే లెక్క. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. ఇరవై శాతం ఉన్న ధాన్యం తెస్తే తరుగు కోస్తామంటారు. ఎంత కోయాలి? రైతు మూడు కిలోలు అంటాడు. ఇరవైలో పదిహేడు పోతే మూడు కదా అని. కాటా దగ్గరివారు అయిదు అంటారు. మాటా మాటా పెరుగుతుంది. కాగితం మీద పెట్టి చూసేవారు లేరు. క్వింటాలు ధాన్యంలో ఇరవై కిలోలు నీరు, ఎనభై కిలోలు గట్టి సరుకు. ఎండబెడితే పోయేది నీరే, ఎనభై కిలోలు అలాగే ఉంటుంది. తేమ 17 శాతానికి దిగాక ఆ ఎనభై కిలోలు మొత్తంలో 83 శాతం అవుతుంది. 80ని 0.83తో భాగిస్తే 96.39 కిలోలు. కనుక న్యాయమైన తరుగు క్వింటాలుకు 3.61 కిలోలు. రైతు చెప్పిన మూడు కన్నా కాస్త ఎక్కువ, కాటా దగ్గర చెప్పిన అయిదు కన్నా చాలా తక్కువ. లెక్క ఎవరి పక్షమూ వహించలేదు.

ఆ అయిదుకు ఒప్పుకుంటే క్వింటాలుకు 1.39 కిలోలు ఎక్కువ పోతుంది. అరవై క్వింటాళ్లు తోలిన రైతుకు 83 కిలోలు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలు రూ.2,369. ఆ లెక్కన దాదాపు రెండు వేల రూపాయలు. తొమ్మిదో తరగతి పిల్లవాడు తండ్రి వెంట కాటా దగ్గరకు వెళతాడు, బస్తాలు కూడా మోస్తాడు. ఈ లెక్క కట్టడానికి కావలసిన హెచ్చవేత, భాగహారం అతనికి వచ్చు. వాటిని కాటా దగ్గర వాడవచ్చని మాత్రం బడి చెప్పలేదు.

పన్నుల్లోనూ అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పద్దెనిమిదిలో అయిదు పోతే పదమూడు కనుక బిల్లు నూటికి పదమూడు తగ్గాలని రైతు అనుకుంటాడు. పన్నుతో కలిపి రూ.23,600 ఉన్న టైరును తీసుకుందాం. పన్ను పడింది 23,600 మీద కాదు, దుకాణదారు అసలు ధర మీద. 23,600ను 1.18తో భాగిస్తే రూ.20,000. దాన్ని 1.05తో హెచ్చవేస్తే కొత్త ధర రూ.21,000. తగ్గింది రూ.2,600, అంటే పాత బిల్లులో సుమారు 11 శాతం. పదమూడు శాతమని రూ.3,068 తగ్గించమని దుకాణంలో తగాదా పెట్టుకుంటే ఓడిపోయేది రైతే. అలాగని పదిహేను వందలే తగ్గిస్తామన్నా ఒప్పుకోనక్కరలేదు.

దశాంశం అన్నిటికీ మందు అనడం కూడా సరికాదు. పాతిక శాతం అంటే పావు, యాభై శాతం అంటే సగం అని చప్పున చెప్పగల పిల్లవాడి చేత 0.25 రాయించి హెచ్చవేయించడం వృథా శ్రమ. మూడో వంతును దశాంశంలో రాస్తే 0.333 అంటూ తెగదు. అక్కడ మూడుతో భాగించడమే మర్యాద. పాతకాలం వారికి భిన్నాలు నోటికి వచ్చేవి. పరక అంటే ఎనిమిదో వంతు, పన్నెండున్నర శాతం. వీసం అంటే పదహారో వంతు, ఆరుంబావు శాతం. రూపాయిలో అణా కూడా అంతే. 1957లో అణాలను నయాపైసల్లోకి మార్చినప్పుడు ఆ ఆరుంబావుతోనే చిక్కు వచ్చింది. పావు పైసకు నాణెం లేదు కనుక అణాకు ఆరు పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు పాతిక అని సరిచేశారు. దశాంశాన్ని ఎక్కడ తెంచాలి, తెంచితే ఎవరికి ఎంత పోతుంది అన్నది చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం పుస్తకాల్లో దొరకదు. తాతల దగ్గర దొరుకుతుంది, వారున్నన్నాళ్లు.

సెల్‌ఫోన్ ఉండగా ఈ తలనొప్పి ఎందుకు అనేవారు ఉన్నారు. ఫోన్‌లో శాతం గుర్తు ఉంది నిజమే. కానీ ఆ మీట అన్ని యంత్రాల్లోనూ ఒకే రకంగా పనిచేయదు. నూటికి అయిదు శాతం కలపమంటే ఒకటి 105 అంటుంది, మరొకటి 100.05 అంటుంది. ఏది సరైనదో పట్టుకోగల చదువు ముందుగా మనిషికి ఉండాలి. 100ను 1.05తో హెచ్చవేయమంటే ఏ ఫోన్ అయినా 105 అనే చెబుతుంది. పావలా వడ్డీని 0.25 అని కొట్టినవాడికి ఫోన్ కూడా పాతిక వేలే చూపిస్తుంది.

ఉపాధ్యాయుల ఇబ్బంది కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ప్రశ్నపత్రంలో సూత్రానికి ఒక మార్కు, ప్రతిక్షేపానికి ఒక మార్కు అని కేటాయింపు ఉంటే, సూత్రం రాయకుండా 0.07తో హెచ్చవేసి సరైన జవాబు తెచ్చిన పిల్లవాడికి మార్కులు తగ్గుతాయేమోనన్న భయం సహజం. మార్కులు పోతాయనుకున్న పద్ధతిని ఏ మాస్టారూ నేర్పడు. కనుక ఈ పని ఒక మాస్టారి మంచితనం మీద వదిలేస్తే సాగదు. ఏ దారిన వచ్చినా సరైన జవాబుకు, సరైన మెట్లకు పూర్తి మార్కులు వేయాలని పేపర్లు దిద్దేవారికి స్పష్టంగా రాసి ఇవ్వాలి. అది జిల్లా విద్యాశాఖ చేతిలో ఉన్న పనే. దానికి నిధులు అక్కరలేదు, కొత్త భవనాలు అక్కరలేదు.

పుస్తకం మారేదాకా కూడా ఆగనక్కరలేదు. ఐరోపాలో దశాంశాలను జనంలోకి తెచ్చిన సైమన్ స్టెవిన్ 1585లో వేసింది ఒక చిన్న పుస్తకమే. పండితులతో పాటు భూమి కొలిచేవారిని, వర్తకులను కూడా ఉద్దేశించి రాశాడు. ఇక్కడ ఆ పాటి పుస్తకం కూడా అక్కరలేదు. పాల కేంద్రం చీటీ, కాటా చీటీ, ఎరువుల దుకాణం బిల్లు, సంఘం పాసు పుస్తకం ఇంటికొకటి ఉంటాయి. పిల్లల చేత తెప్పించి, పేర్లు చెరిపి, బోర్డు మీద రాస్తే చాలు. పాల చీటీలో వెన్న 6.5 శాతం అని ఉంటుంది. పది కిలోల పాలలో వెన్న 0.65 కిలో. కిలో వెన్నకు కేంద్రం ఇచ్చే రేటు ఏదైతే దానితో హెచ్చవేసి, చీటీలో వేసిన మొత్తంతో పోల్చమనాలి. లీటరు పాలు కిలో కన్నా కొద్దిగా ఎక్కువ తూగుతాయి. కొలిచింది లీటర్లలోనా, తూచింది కిలోల్లోనా అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిన రోజున పాఠం దారిలో పడినట్లు.

వేసవి సెలవుల్లోపు ధాన్యం కాటాలు ఒక విడత అయిపోతాయి. ఉన్నత పాఠశాలల్లో లెక్కల మాస్టార్లు తేమ లెక్కను ఒక్క పీరియడ్ చెప్పి, 18 నుంచి 22 శాతం వరకు ఏ తేమకు ఎంత తరుగో పిల్లల చేతనే పట్టిక కట్టించి, దాన్ని ఊళ్లో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. 18కి 1.20 కిలోలు, 19కి 2.41, 20కి 3.61, 21కి 4.82, 22కి 6.02. తప్పుంటే మిల్లువారైనా, అధికారులైనా అదే గోడ దగ్గర సరిచేసి చూపవచ్చు.